రేనాక్స్ 150, 250: గోదావరి జిల్లాల పూలకీ పురుగులకీ ఏది సరిపోతుంది?

కడియం నర్సరీల్లోనో, కోనసీమ పెరళ్లలోనో పూల మీద వాలే తేనెటీగల్నీ తుమ్మెదల్నీ దగ్గరగా తీయాలనుకుని, రేనాక్స్ కంపెనీ క్లోజప్ అద్దాలు డీసీఆర్-150, డీసీఆర్-250 రెండిట్లో ఒక్కటే కొనే స్తోమత ఉన్నవాళ్లు డీసీఆర్-150 కొనుక్కోవాలి. అందరూ ఎగబడేది 250 మీద. అంకె పెద్దది, బలం ఎక్కువ, ఇంటర్నెట్లో కనిపించే ఈగ కళ్ల ఫోటోలన్నీ దాంతో తీసినవే అన్న ఊపు ఒకటి. దాని గాజును తప్పుపట్టడానికేమీ లేదు. కాకపోతే మన దగ్గర పూల మీదికొచ్చే పురుగులు చాలావరకు అంత బలం అక్కర్లేనంత పెద్దవి.

రెండూ జపాన్ సరుకే. మీ దగ్గరున్న జూమ్ లెన్సు ముందు తగిలించుకునే చిన్న అద్దాలు. 150 బలం 4.8 డయాప్టర్లు, 250 బలం 8 డయాప్టర్లు. ఒక్కోదాంట్లో మూడేసి గాజులుంటాయి. బజార్లో +1, +2, +4, +10 అని నాలుగు కలిపి అమ్మే క్లోజప్ ఫిల్టర్లలో ఒక్కోదాంట్లో ఒక్క గాజే ఉంటుంది. తేడా చూడాలంటే ఎండలో నందివర్ధనం పువ్వు తీసి చూడండి. ఒంటి గాజు ఫిల్టరుతో తెల్ల రెక్క అంచున ఊదా రంగు గీత పడుతుంది, మూలలు అలికినట్టుంటాయి. రేనాక్స్‌తో తీస్తే అంచు అంచులాగే ఉంటుంది. చివరి మూలల్లో కాస్త మెత్తదనం వీటికీ ఉంది, కానీ పురుగు ఎప్పుడూ మూలలో ఉండదు కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక లెక్క. 1000ని డయాప్టర్లతో భాగిస్తే ఆ అద్దం ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లలో వస్తుంది. 250కి 125, 150కి దాదాపు 208. జూమ్ లెన్సును అనంతం దగ్గర ఫోకస్ పెట్టి, దాని ఫోకల్ లెంగ్త్‌ని ఈ అంకెతో భాగిస్తే వస్తువు అసలు సైజుకి ఎన్ని రెట్లుగా సెన్సరు మీద పడుతుందో తెలుస్తుంది. చాలామంది దగ్గరుండే 55-250 జూమ్ తీసుకుందాం. 250 మి.మీ. దగ్గర డీసీఆర్-250 పెడితే 2 రెట్లు. అంటే ఏపీఎస్-సి అనే చిన్న సెన్సరున్న కెనాన్ కెమెరాలో ఫ్రేము వెడల్పులో పట్టేది 11 మిల్లీమీటర్ల మేర. అదే జూమ్ మీద డీసీఆర్-150 పెడితే 1.2 రెట్లు, పట్టేది 18, 19 మిల్లీమీటర్లు. జూమ్‌ని 100కి తగ్గిస్తే 250తో 28 మి.మీ., 150తో 46 మి.మీ. పడతాయి.

ఇప్పుడు పురుగుల్ని కొలవండి. మన పెరటి తేనెటీగ, అదే తొర్రల్లో పట్టు పెట్టేది, ఒక సెంటీమీటరు పైచిలుకు. నీలి చారల తేనెటీగ 11 నుంచి 13 మి.మీ. జిల్లేడు పూల చుట్టూ గీపెట్టే నల్ల తుమ్మెద రెండు సెంటీమీటర్ల పైమాటే, పెద్ద రకమైతే మూడు దాటుతుంది. డీసీఆర్-250ని పూర్తి జూమ్‌లో పెట్టి వీటిని తీస్తే తేనెటీగకి కాళ్లు తెగుతాయి, తుమ్మెదకి తల ఒక్కటే పడుతుంది, పువ్వు అన్నది ఫ్రేములోకే రాదు. పువ్వు లేకుండా పురుగు ఒక్కటే కావాలనుకునేవాళ్లకి అది వేరే సరదా.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. డీసీఆర్-250 పెట్టాక పువ్వుకీ గాజుకీ మధ్య 11, 12 సెంటీమీటర్లే ఉంటుంది. పైగా లెన్సు ఫోకస్ రింగుని ఎంత తిప్పినా ఫోకస్ దొరికే మేర సెంటీమీటరు, సెంటీమీటరున్నర. అంతకు ముందు మసక, ఆ తర్వాతా మసక. డీసీఆర్-150కి పని దూరం 17 నుంచి 20 సెంటీమీటర్లు, ఫోకస్ దొరికే మేర మూడు సెంటీమీటర్లు పైనే. గాలికి ఊగే కనకాంబరం మీద వాలిన ఈగని వెతుక్కోవడానికి ఆ అదనపు రెండు సెంటీమీటర్లే ఆధారం. వ్యూఫైండర్‌లో అంతా పచ్చగా మసగ్గా కనిపించి, పువ్వెక్కడుందో కూడా తెలియక చిరాకుపడేవాళ్లలో ఎక్కువమంది కొన్నది 250నే.

ఆటోఫోకస్‌ని నమ్ముకోవద్దు. లెన్సును మాన్యువల్‌లో పెట్టి, కావలసిన సైజు చూసుకుని, ఇక రింగు ముట్టుకోకుండా ఒళ్లే ముందుకీ వెనక్కీ ఊపుతూ కన్ను పదునుగా కనబడ్డ క్షణాన నాలుగైదు షాట్లు వరసగా కొట్టడమే పద్ధతి. అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం సైజు) ఎఫ్ 11 దగ్గర, 2 రెట్ల మీద పదునుగా పడే మందం మిల్లీమీటరులో పదో వంతు. 1.2 రెట్ల మీద 0.3 మి.మీ. అందుకే పురుగు పక్కవాటంగా, ఒంటికి కెమెరా సమాంతరంగా ఉన్నప్పుడు తీస్తే పొడవంతా పదునుగా వస్తుంది. ఎదురుగా తీస్తే కళ్లు మాత్రమే.

పెట్టెలో తగిలించుకునే క్లిప్పు ఒకటి వస్తుంది, యూఏసీ 2000 అని. 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ మర ఉన్న లెన్సులన్నిటికీ పడుతుంది. రెండు పక్కలా నొక్కి పెట్టి వదిలితే స్ప్రింగుతో పట్టుకుంటుంది. సీతాకోకచిలుక కనబడగానే ఊడబెరికి జేబులో వేసుకోవచ్చు, అదీ దీని సుఖం. ఇబ్బంది కూడా అక్కడే. క్లిప్పు ఒక పక్క సరిగ్గా కూర్చోకపోతే అద్దం వాలి, ఫోటోలో ఒక వైపు పదును, ఇంకో వైపు మసక వస్తుంది. చాలామంది ఇది గాజు లోపమనుకుంటారు. తీసి మళ్లీ పెడితే పోతుంది. కాలవ గట్టు మీద వంగి తీసేటప్పుడు కొమ్మ తగిలితే క్లిప్పు ఊడి నీళ్లలో పడే ప్రమాదం ఉంది. దీనికి మందు చవకే. రేనాక్స్ వెనకాల మర 43 మి.మీ. మీ లెన్సు 58 అయితే 58 నుంచి 43కి దించే స్టెప్ డౌన్ రింగు కొని బిగించేయండి. కదలదు, వాలదు. ఎలాగూ జూమ్‌ని వెడల్పు వైపు తిప్పితే మూలలు నల్లబడతాయి, క్లిప్పుతోనైనా రింగుతోనైనా. 250తో ఇది ఇంకాస్త ముందే మొదలవుతుంది. 100 మి.మీ. పైనే వాడుకోవడం మేలు.

డీసీఆర్-150 విలువ తెలియాలంటే వంగతోటకి వెళ్లాలి. లంక భూముల్లో వంగ ఊరూరా ఉంటుంది. వంగ పువ్వు మధ్యలో అయిదు పసుప్పచ్చ పుప్పొడి తిత్తులు ఒక శంకువులా దగ్గరగా నిలబడి ఉంటాయి. ఒక్కోదాని కొసన సన్నటి రంధ్రాలు. పుప్పొడి బయటికి రావాలంటే ఆ తిత్తి అదరాలి. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. నీలి చారల తేనెటీగ వచ్చి, శంకువును కాళ్లతో వాటేసుకుని, రెక్కలు ఆడించకుండానే రొమ్ము కండరాల్ని బిగించి ఝుమ్మని అదురుతుంది. పుప్పొడి పొడిపొడిగా దాని కడుపు మీద రాలుతుంది. ఒక్కో పువ్వు దగ్గర ఉండేది కొద్ది క్షణాలే. కాబట్టి దాని వెంట పడకూడదు. బాగా విచ్చుకుని, కిందికి కాకుండా కాస్త పక్కకి తిరిగిన పువ్వొకటి ఎంచుకుని, దాని తిత్తుల కొసల మీద ఫోకస్ పెట్టి కూర్చోవాలి. జూమ్ 150 మి.మీ. దగ్గర ఉంటే ఫ్రేములో 31 మి.మీ. పడుతుంది. పువ్వులో చాలా భాగం, ఈగ మొత్తం, చుట్టూ కాస్త ఊదా రంగు. పదును మందం ముప్పాతిక మిల్లీమీటరు. ఇక్కడ 250 పెడితే 11 సెంటీమీటర్ల దూరంలో ఫ్లాష్ వెలుగును మెత్తబరచడానికి కట్టుకున్న మీ డిఫ్యూజరు ఆకులకి తగులుతుంది, మొక్క ఊగుతుంది, ఈగ పక్క మడికి పోతుంది.

అలాగని 250 వృథా కాదు. దాని పని వేరు. నర్సరీల్లో నిమ్మ, బత్తాయి అంట్ల వరసలుంటాయి. లేత ఆకు మీద నిమ్మ సీతాకోకచిలుక పెట్టే గుడ్డు గుండ్రంగా, లేత పసుపులో, మిల్లీమీటరు పైన కొద్దిగా ఉంటుంది. దాన్నుంచి వచ్చిన చిన్న గొంగళిపురుగు పిట్ట రెట్టలా కనబడుతుంది. చామంతి రెక్కల సందుల్లో దూరే తామర పురుగు ఒకటి రెండు మిల్లీమీటర్లు. మందారం మొగ్గల మీద పేనుబంక, దాని తీపి కోసం తిరిగే చీమలు, కాడ మొదట్లో పిండినల్లి. ఇవన్నీ 250 సరుకు. తెగులేమిటో తెలుసుకోవడానికి ఉద్యాన శాఖ వాళ్లకి ఫోటో పంపే రైతుకైతే 150 కన్నా ఇదే ఉపయోగం, తామర పురుగు 150లో చుక్కలాగే ఉంటుంది. మందారం పుప్పొడి రేణువులు పెద్దవి, ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూ. 2 రెట్ల మీద అవి విడివిడిగా, గుండ్రంగా, కేసరానికి అంటుకుని కనిపిస్తాయి.

నీలి చారల ఈగని కూడా 250తో తీసే వేళ ఒకటుంది. మగ ఈగలకి గూడు ఉండదు. సాయంత్రం ఎండు పుల్లనో, గడ్డి కాడనో నోటితో కరిచి పట్టుకుని, కాళ్లు ముడుచుకుని అలాగే నిద్రపోతాయి. ఒకే పుల్ల మీద అయిదారు వరసగా ఉండటమూ కద్దు. తెల్లవారాక ఒంటికి ఎండ తగిలి వేడెక్కేదాకా కదలవు. డిసెంబరు, జనవరి పొద్దుటిపూట మంచుకి ఒళ్లంతా నీటి చుక్కలుంటాయి. ఆ పుల్లని వెదురు బద్దకి బట్టల క్లిప్పుతో కట్టి, కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, వెంట్రుక మందం చొప్పున ముందుకి జరుపుతూ ఇరవై ముప్పై ఫ్రేములు తీసి, పదునుగా పడ్డ భాగాలన్నీ ఒక్క ఫోటోగా కలుపుకోవచ్చు. పుల్లని విరవొద్దు, క్లిప్పు పెట్టేటప్పుడు ఈగకి చెయ్యెడం వదలండి. ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్ల మాట ఇక్కడ ఎత్తను.

కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఈ చుట్టుపక్కల ఎక్కడికెళ్లినా షేడ్ నెట్ గొడవ తప్పదు. పచ్చ వల కింద వెలుగంతా పచ్చగా మారిపోతుంది. తెల్ల గులాబీ జబ్బు చేసినట్టుంటుంది, ఎర్ర నూరు వరహాలు మట్టి రంగుకి తిరుగుతాయి. ఆటో వైట్ బ్యాలెన్సు దీన్ని సగమే సరిచేస్తుంది. తెల్ల కాగితం ఒకటి వల కిందే పట్టుకుని కస్టమ్ వైట్ బ్యాలెన్సు పెట్టుకోవడం ఒక దారి. అంతకన్నా మంచిది ఫ్లాష్. పొద్దుటిపూట ఎఫ్ 11, షట్టర్ 1/200, ఐఎస్‌ఓ 100 పెడితే వల వెలుగు తక్కువే నమోదవుతుంది, ఫోటోలో పడేది చాలావరకు ఫ్లాష్ వెలుగే, రంగు దాదాపు నిజం. దాని నష్టం నల్లటి వెనక భాగం. అది ఇష్టం లేకపోతే పువ్వు వెనక జానెడు దూరంలో ఇంకో కుండీ జరపండి, ఆ ఆకుల మీదా ఫ్లాష్ పడుతుంది.

ఫ్లాష్‌ని మాన్యువల్‌లో, 1/8 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. బలం తగ్గేకొద్దీ మెరుపు కాలం కూడా తగ్గుతుంది, రెక్కల ఆట దాంతోనే ఆగుతుంది, షట్టరుతో కాదు. రేనాక్స్ వెలుగును తినదు, ఇది దీని పెద్ద గుణం. కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్ మాత్రం వాడొద్దు, లెన్సు నీడ సరిగ్గా పురుగు మీదే పడుతుంది.

డిఫ్యూజరు కొననక్కర్లేదు. టీవీల పెట్టెల్లో చుట్టి వచ్చే తెల్లటి పల్చటి ఫోమ్ షీటు ఏ4 కాగితమంత కత్తిరించి, కింది భాగంలో లెన్సు దూరేటట్టు రంధ్రం చేసి, పై అంచు ఫ్లాష్ తలకి రబ్బరు బ్యాండుతో కట్టాలి. షీటు గాజుకన్నా మూడు, నాలుగు సెంటీమీటర్లు ముందుకి వంగి పువ్వుకి గొడుగు పట్టినట్టు ఉండాలి. లెన్సు చుట్టూ బిగుతుగా అతికిస్తే వెలుగు ఎదురుగా కొట్టి పువ్వు చప్పగా వస్తుంది. తుమ్మెద వీపు నల్లటి అద్దం, ఒక పొర చాలదు. రెండు పొరలు వేసి, మధ్యలో వేలెడు ఖాళీ వదిలి, ఫ్లాష్ బలం 1/4కి పెంచండి. అప్పటికీ తెల్లటి మచ్చ పడుతుంటే షీటు ఇంకా దగ్గరికి రావాలన్నమాట. 250తో ఈ గొడుగుకి చోటు తక్కువ, 150తో బోలెడు.

నర్సరీకి వెళ్లేముందు అడగాల్సిన మాట ఒకటే: "ఏవండీ, ఇవాళేమైనా మందు కొట్టారాండీ?" కొట్టిన రోజున, ఆ మర్నాడు పూలు ఎంత విరగబూసినా ఈగ కనబడదు. పొద్దున్నే పైపులతో నీళ్లు కొట్టేస్తారు, రెక్కల మీద బొట్లుంటాయి. అవి అందమే గానీ గాజు మీద పడ్డ తుంపర మాత్రం వెంటనే తుడవాలి. అడిగి తీసుకోండి, కుండీలు జరిపితే మళ్లీ వరసలో పెట్టండి. మందు బెడద లేని పూలు కావాలంటే పొలం గట్ల మీద గడ్డిచామంతి, తుమ్మి, రోడ్డు పక్క జిల్లేడు, పెరట్లో మునగ పూత. నిజానికి తుమ్మెదలకి నర్సరీ గులాబీలకన్నా మునగే ఇష్టం.

గాలి సంగతి అందరికీ తెలిసిందే, ఎండెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. ఆరు నుంచి తొమ్మిది లోపు పని ముగించుకోవాలి.

కొబ్బరి పూత తీయాలనుకునేవాళ్లకి పొడుగు చెట్లతో లాభం లేదు. గంగబొండంలాంటి పొట్టి రకం లేత తోట చూసుకుంటే గెల చేతికందే ఎత్తులో ఉంటుంది. మగ పూలు చిన్నవి, వందల కొద్దీ. వాటి మీద తేనెటీగలు గుంపుగా ఉంటాయి. ఇక్కడా 150నే. కోరింగ మడ అడవిలో మాత్రం ఇది తిరగబడుతుంది. మడ పూలు కొన్ని అర సెంటీమీటరే ఉంటాయి, నారింజ పసుపులో. వాటికి 250 కావాలి. అక్కడి చెక్క బాటమీద ఎవరు నడిచినా ట్రైపాడ్ అదురుతుంది, దాన్ని ఇంటి దగ్గరే వదిలేసి ఫ్లాష్ మీద ఆధారపడాలి. ఉప్పు గాలికి గాజు మీద పల్చటి పొర కడుతుంది, కంటికి కనబడదు గానీ ఎదురెండలో ఫోటో తెల్లబారుతుంది. ఇంటికొచ్చాక ముందు బ్లోయరుతో ఊది, తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. పుప్పొడి ఉన్న గాజుని పొడిగా రుద్దితే పూత మీద గీతలు పడతాయి.

డెల్టా తేమకి బూజు పట్టని లెన్సు అదృష్టవంతురాలు. వీటితో వచ్చే ప్లాస్టిక్ డబ్బాలో తడి గాజుని మూసిపెట్టడమంత చెడ్డ పని లేదు. గాలి చొరని పెద్ద డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టండి, జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏసీ గదిలోంచి నేరుగా తోటలోకి పోతే గాజు చెమర్చి పావుగంటకి పైనే పోతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి, బయట కాసేపు ఉంచి తీస్తే ఆ బాధ లేదు.

కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే గాజు లేని గొట్టాలు, ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, చవక కదా అనేవాళ్లకి: 31 మి.మీ. ట్యూబు 50 మి.మీ. లెన్సు మీద 0.6 రెట్లు ఇస్తుంది, కానీ ఎఫ్ 11 కాస్తా ఎఫ్ 18 అంత చీకటవుతుంది, లెన్సు పువ్వు మీదికి వాలిపోతుంది. అదే ట్యూబు 250 మి.మీ. జూమ్ మీద ఇచ్చేది 0.12 రెట్లే. పొడుగు జూమ్ ఉన్నవాళ్లకి రేనాక్స్, పొట్టి లెన్సు ఒక్కటే ఉన్నవాళ్లకి ట్యూబులు. అసలైన 100 మి.మీ. మాక్రో లెన్సు వీటికన్నా మంచిదే, అందులో అనుమానం లేదు. సీతాకోకచిలుక నుంచి చీమ దాకా ఏమీ ఊడదీయకుండా ఫోకస్ అవుతుంది. ధరలో మాత్రం చాలా రెట్లు తేడా. మాక్రో లెన్సు ఇప్పటికే ఉంటే దాని మీద 250 తగిలించడం దండగ కాదు, గుడ్ల దాకా, పుప్పొడి దాకా పోవచ్చు.

18-55 కిట్ లెన్సు ఒక్కటే ఉంటే రెండూ వద్దు. 55 దగ్గర 250 పెట్టినా 0.44 రెట్లే, కొన్ని లెన్సుల్లో మూలలూ నల్లబడతాయి. ముందు పాత 55-250నో 70-300నో చూసుకోండి. 70-300 మీద డీసీఆర్-150 దాదాపు 1.4 రెట్లు ఇస్తుంది. కొనేటప్పుడు మీ లెన్సు ముందు భాగంలో గుండ్రటి గుర్తు పక్కన రాసున్న అంకె చూసి, స్టెప్ డౌన్ రింగు కూడా అదే పార్శిల్లో తెప్పించుకోండి. విడిగా తెప్పిస్తే రింగు ధరకన్నా రవాణా ఖర్చే ఎక్కువ కావచ్చు.